ఓడ దిగిన సరుకు ఎక్కడ ఆగింది?
దిగుమతి జీడి పిక్కల జాడ తెలుసుకొనే తీరు

ఓడ రేవు చేరినట్లు షిప్పింగ్ ఏజెంటు చెబుతాడు. కంటైనర్ దిగినట్లు టెర్మినల్ వారు చెబుతారు. పత్రాలు బ్యాంకులో వున్నట్లు గుమాస్తా చెబుతాడు. అందరి మాటా నిజమే. అయినా పలాస బట్టీ ముందు లారీ వచ్చి ఆగదు. పిక్కలు కొట్టే ఆడకూలీలకు పని వుండదు. పండుగ సరుకుగా పప్పు ఇస్తానని ముందుగా బేరం ఒప్పుకున్న వర్తకునికి కొనుగోలుదార్ల నుండి ఫోను మీద ఫోను వస్తుంది. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: సరుకు ఎక్కడ ఆగింది?

దీనికి సమాధానం ఒక చోట దొరకదు. ఓడ సంగతి ఒకచోట, కంటైనర్ సంగతి మరొకచోట, సుంకం బిల్లు సంగతి వేరొకచోట వుంటుంది. ఏ ప్రశ్న ఎక్కడ అడగాలో తెలిసిన వర్తకుడు పావుగంటలో సంగతి తేల్చుకుంటాడు. తెలియనివాడు రోజుల తరబడి క్లియరింగ్ ఏజెంటు మాట మీద ఆధారపడి, చివరకు డెమరేజి బిల్లు చూసి నివ్వెరపోతాడు.

దిగుమతి పిక్క అవసరం

పలాస–కాశీబుగ్గ పరిశ్రమలకు ఉద్దానం తోటల పంట ఒక్కటే ఏడాది పొడుగునా చాలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను తీవ్రంగా దెబ్బ తీసిన పిమ్మట బయటి పిక్క అవసరం మరింత తెలిసివచ్చింది. లోటును ఆఫ్రికా సరుకు పూడుస్తున్నది. పశ్చిమ ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్, ఘనా, బెనిన్ ప్రాంతాల పంట ఇంచుమించు ఫిబ్రవరి నుండి జూన్ వరకు మార్కెట్‌కు వస్తుంది. తూర్పున టాంజానియా, మొజాంబిక్ పంట అక్టోబర్ తర్వాత వస్తుంది. ఈ రెండు కాలాలూ కలిస్తేనే బట్టీలకు ఏడాది పని.

విశాఖ రేవు నుండి పలాసకు రోడ్డు మార్గం రెండు వందల కిలోమీటర్లకు లోపే. లారీకి అది ఒక పూట ప్రయాణం. వేల కిలోమీటర్ల సముద్రం దాటిన సరుకు ఈ కాస్త దూరం రావడానికి వారాలు పట్టిన సందర్భాలు వర్తకులకు కొత్త కాదు. జాప్యం సముద్రంలో కంటె రేవు గోడల లోపలనే ఎక్కువ.

ఒక సరుకు, రెండు ప్రయాణాలు

దిగుమతి సరుకు విషయంలో మొదట గుర్తుంచుకోవలసినది, ప్రయాణాలు రెండు జరుగుతాయి. సరుకు ఓడలో వస్తుంది. పత్రాలు బ్యాంకుల ద్వారా వస్తాయి. రెండూ రేవు వద్ద కలిస్తేనే సరుకు బయటపడుతుంది. సరుకు ముందు వచ్చి పత్రాలు వెనుకబడితే సరుకు రేవులో పడి వుంటుంది. పత్రాలు ముందు వచ్చి ఓడ ఆలస్యమైతే సొమ్ము ఇరుక్కుంటుంది గాని జరిమానా పడదు. నష్టం ఎక్కువ మొదటి దానిలోనే.

కనుక జాడ తీసేటప్పుడు రెండు దారులూ చూడాలి. ఓడ ఎక్కడ వున్నదని అడిగి వూరుకోరాదు. ఓడ రశీదు, అనగా బిల్ ఆఫ్ లేడింగ్, ఎక్కడ వున్నదో కూడా అదే రోజున అడగాలి.

చేతిలో వుండవలసిన నంబర్లు

ఓడకు ఎక్కించిన వెంటనే అమ్మకందారు నుండి మూడు నంబర్లు రాబట్టుకోవాలి. ఒకటి బిల్ ఆఫ్ లేడింగ్ నంబరు. రెండు కంటైనర్ నంబరు. మూడు సీలు నంబరు.

కంటైనర్ నంబరులో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆ పైన ఏడు అంకెలు వుంటాయి. మొదటి మూడు అక్షరాలు పెట్టె యజమాని గుర్తు. నాలుగవది సామాన్యంగా ‘యు’. చివరి అంకె మిగిలిన పదింటిని లెక్కగట్టి వేసిన తనిఖీ అంకె. వ్రాతలో ఒక్క అంకె తప్పు పడితే లెక్క కుదరదు, కంప్యూటరు ఆ నంబరును ఒప్పుకోదు. ‘మీ కంటైనర్ కనబడడం లేదు’ అని జవాబు వస్తే కంగారు పడేముందు నంబరు సరిగా వ్రాశారో లేదో చూసుకోవడం మంచిది. అసలు లేని సరుకుకు కల్పించిన నంబరు కూడా ఇక్కడే బయటపడే అవకాశం వుంది.

సీలు నంబరు వేరు సంగతి. కంటైనర్ దారిలో ఎవరైనా తెరిచారా అన్నది దీనితో తెలుస్తుంది. లేడింగ్ బిల్లులో వున్న సీలు నంబరు, రేవులో పెట్టెకు వున్న సీలు నంబరు ఒకటి కాకపోతే, తలుపు తెరవకముందే షిప్పింగ్ కంపెనీకి, బీమా కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. తెరిచిన పిమ్మట చెప్పిన మాటకు విలువ తక్కువ.

కొలంబో వద్ద మలుపు

పశ్చిమ ఆఫ్రికా నుండి విశాఖకు కంటైనర్ తరచు ఒకే ఓడలో రాదు. కొలంబో వంటి పెద్ద రేవులో దింపి, చిన్న ఓడలోకి మారుస్తారు. ఇక్కడ పొరపాటు పడేవారు ఎందరో. లేడింగ్ బిల్లులో వుండేది మొదటి ఓడ పేరు. విశాఖకు వచ్చేది రెండవ ఓడ. మొదటి ఓడను గమనిస్తూ కూర్చున్న వర్తకునికి అది మరో దేశం వైపు పోతూ కనిపిస్తుంది. సరుకు కొలంబో యార్డులో తరువాతి ఓడ కోసం వేచి వుంటుంది.

అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 గ్రాస్ టన్నుల పైబడిన ఓడలన్నీ తమ స్థానాన్ని రేడియో ద్వారా తెలిపే పరికరాన్ని అమర్చుకోవాలన్నది నియమం. అందువల్ల ఓడ ఎక్కడ వున్నదో ఎవరైనా చూడవచ్చు. కాని ఓడ కనబడినంత మాత్రాన అందులో మన పెట్టె వున్నట్లు కాదు. పెట్టె ఏ ఓడ ఎక్కిందో చెప్పగలిగినది షిప్పింగ్ కంపెనీ మాత్రమే. కనుక కంటైనర్ నంబరుతో ఆ కంపెనీ రికార్డు చూసి, రెండవ ఓడ పేరు, ప్రయాణపు నంబరు, విశాఖ చేరే అంచనా తేదీ తెలుసుకోవాలి. చేరే తేదీ మారుతూనే వుంటుంది. వారానికొకసారి కాదు, చివరి వారంలో రోజూ చూడాలి.

మన రేవుల లోపల కంటైనర్ కదలికలను రేడియో చీటీల ద్వారా గుర్తించే లాజిస్టిక్స్ డేటా బ్యాంకు ఏర్పాటు 2016లో నవా షేవా రేవులో మొదలై తక్కిన రేవులకూ వ్యాపించింది. పెట్టె రేవు గేటు దాటిందా, కంటైనర్ ఫ్రైట్ స్టేషన్ చేరిందా అన్నది కంటైనర్ నంబరుతో ఇక్కడ చూసుకోవచ్చు.

ఓడ రాకముందే దాఖలు

కస్టమ్స్‌కు దిగుమతిదారు ఇచ్చే పత్రం బిల్ ఆఫ్ ఎంట్రీ. పూర్వం ఓడ వచ్చిన పిమ్మట తీరికగా దాఖలు చేయడం అలవాటు. 2021లో చట్టం మారింది. ఓడ రేవు చేరే రోజుకు ముందు రోజు ముగిసేలోగా దాఖలు చేసి తీరాలి. సెలవు దినమైనా మినహాయింపు లేదు. ఓడ వస్తుందని అంచనా వున్న తేదీకి 30 రోజులు ముందు నుండీ దాఖలు చేయవచ్చు.

ఆలస్యమైతే రుసుము పడుతుంది. మొదటి మూడు రోజులకు రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయలు. ఎనిమిది రోజులు ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు 15,000, తక్కిన ఐదు రోజులకు 50,000, వెరసి 65,000 రూపాయలు. ఇది బిల్లుకు వేసే రుసుము. పది కంటైనర్ల బిల్లు మీద పడితే సర్దుకోవచ్చు. 16 టన్నుల ఒక్క కంటైనర్ తెచ్చుకున్న చిన్న వర్తకుని మీద పడితే కిలో పిక్కకు నాలుగు రూపాయల పైచిలుకు. తగిన కారణం చూపితే అధికారి దీనిని మాఫీ చేయవచ్చు గాని ‘పత్రాలు రాలేదు’ అనే మాట ఒక్కటే చాలుతుందని ధీమా పడరాదు.

ముందుగా దాఖలు చేసినవారు మరొక సంగతి గ్రహించాలి. మారకపు రేటు బిల్లు దాఖలైన తేదీది వర్తిస్తుంది. ఇది కస్టమ్స్ ప్రకటించే రేటు, బ్యాంకులో డాలరు కొన్న రేటు కాదు. సుంకపు రేటు మాత్రం బిల్లు దాఖలైన తేదీ, ఓడకు ప్రవేశానుమతి ఇచ్చిన తేదీ, ఈ రెంటిలో ఏది తరువాతిదైతే ఆ నాటిది. బడ్జెటుకు వారం ముందు బిల్లు వేసి, బడ్జెటు తర్వాత ఓడ వస్తే కొత్త సుంకమే కట్టాలి. పాత రేటు దక్కిందనుకుని ధర కోట్ చేసిన వర్తకుడు నష్టపోతాడు.

బిల్లు ఏ దశలో వున్నది?

బిల్లు దాఖలైన వెంటనే ఒక నంబరు, తేదీ వస్తాయి. ఈ రెండూ, రేవు సంకేతం తెలిస్తే కస్టమ్స్ వారి ‘ఐస్‌గేట్’ కేంద్రంలో బిల్లు స్థితి చూడవచ్చు. విశాఖ రేవు సంకేతం ‘ఐ ఎన్ వి టి జెడ్ 1’, చెన్నైది ‘ఐ ఎన్ ఎమ్ ఎ ఎ 1’. క్లియరింగ్ ఏజెంటును అడగకుండానే దిగుమతిదారు స్వయంగా చూసుకొనే వీలున్నది. ఏజెంటు మీద అనుమానంతో కాదు, పని ఎవరి వద్ద ఆగిందో తెలిస్తేనే దానిని కదిలించవచ్చు.

దశలు ముఖ్యంగా ఐదు. మొదటిది ఓడ సరుకుల జాబితా. షిప్పింగ్ కంపెనీ కస్టమ్స్‌కు ఇచ్చే ఈ జాబితాలో మన లేడింగ్ బిల్లు నంబరు, బస్తాల లెక్క, దిగుమతిదారు పేరు సరిగా పడాలి. ఇక్కడ తప్పు పడితే బిల్ ఆఫ్ ఎంట్రీకి, జాబితాకు పొత్తు కుదరదు. సవరణ కోరవలసినది షిప్పింగ్ కంపెనీ. కస్టమ్స్ కార్యాలయం చుట్టూ తిరిగితే ప్రయోజనం లేదు.

రెండవది పరిశీలన. 2005 నుండి అమలులో వున్న రిస్కు పద్ధతి ప్రకారం కంప్యూటరే ఏ బిల్లును పరిశీలించాలో, ఏ సరుకును తెరిచి చూడాలో నిర్ణయిస్తుంది. ఎంపిక కాని బిల్లు నేరుగా సుంకం చెల్లింపుకు పోతుంది. ఎంపికైన బిల్లు అధికారి ముందుకు పోతుంది. ఆ అధికారి విశాఖలోనే వుండనక్కరలేదు. 2020 జూన్‌లో చెన్నై, బెంగుళూరులలో ఆరంభమై, ఆ ఏడాది అక్టోబరు ఆఖరుకు దేశమంతటా అమలైన పద్ధతిలో విశాఖ బిల్లును వేరే నగరంలోని అధికారి చూడవచ్చు. కనుక రేవులో తెలిసిన వారి ద్వారా మాట చెప్పించడం వంటి పాత దారులు ఇక్కడ పనికిరావు. అడిగిన దానికి సరియైన పత్రం పంపడమే దారి.

మూడవది ప్రశ్న. అధికారికి సందేహం వస్తే బిల్లు మీద ‘క్వెరీ’ అని పడుతుంది. ధర తక్కువగా చూపినట్లు తోచినా, పుట్టిన దేశం పత్రం లోపంగా వున్నా, నాణ్యతా నివేదిక జత కాకున్నా ఇది వస్తుంది. సమాధానం పంపేదాకా బిల్లు అక్కడే నిలుస్తుంది. వర్తకులు పోగొట్టుకునే రోజులలో ఎక్కువ భాగం ఇక్కడివే. ప్రశ్న వచ్చినట్లు ఏజెంటు చూడడు, చూసినా వర్తకునికి చెప్పడు, చెప్పినా పత్రం ఆఫ్రికా నుండి రావలసి వుంటుంది. కాంట్రాక్టు, ఇన్వాయిస్, సొమ్ము చెల్లింపు రుజువు, నాణ్యతా నివేదిక ముందుగానే సిద్ధం చేసి పెట్టుకున్నవారు అదే రోజున జవాబు ఇవ్వగలరు. 2018 నుండి ఈ పత్రాలన్నీ ‘ఇ–సంచిత్’ ద్వారా పంపే ఏర్పాటు వున్నది. కాగితం పట్టుకొని పోనవసరం లేదు.

నాలుగవది సుంకం చెల్లింపు. అయిదవది, తనిఖీ వుంటే అది ముగిశాక వచ్చే ‘అవుట్ ఆఫ్ ఛార్జ్’. ఈ మాట పడితే కస్టమ్స్ వరకు సరుకు విడుదలైనట్లే. అయితే సరుకు చేతికి వచ్చినట్లు కాదు. ఆ సంగతి దిగువన కలదు.

సుంకం లెక్క

పెంకుతో వున్న జీడి పిక్క మీద మూల సుంకాన్ని 2018 బడ్జెటులో 5 నుండి 2.5 శాతానికి తగ్గించారు. దానిమీద పదవ వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి. ఆ పైన సమీకృత జి.ఎస్.టి. 5 శాతం.

ఒక కంటైనర్ సరుకు విలువ బీమా, ఓడ కిరాయి కలుపుకొని 20 లక్షల రూపాయలు అనుకుంటే, మూల సుంకం 50,000. సర్‌ఛార్జి 5,000. ఈ రెండూ కలిపిన 20,55,000 మీద 5 శాతం జి.ఎస్.టి. 1,02,750. వెరసి 1,57,750 రూపాయలు. ఇందులో జి.ఎస్.టి. భాగం రిజిస్టరైన వర్తకునికి తరువాత జమకు వస్తుంది. ఖర్చు కింద నిలిచేది 55,000.

సుంకం ఖరారైన పిమ్మట గడువు దాటితే ఏడాదికి 15 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. పై సుంకం మీద ఇది రోజుకు 65 రూపాయల లోపు. వడ్డీని చూసి భయపడనవసరం లేదు. భయపడవలసినది దాఖలు ఆలస్యపు రుసుముకు, రేవు అద్దెకు, పెట్టె అద్దెకు.

అతి వెనుకబడిన దేశాల సరుకుకు 2008లో ప్రారంభించిన సుంకపు రాయితీ పథకం వున్నది. టాంజానియా, మొజాంబిక్, బెనిన్ ఆ కోవలోనివి. ఐవరీ కోస్ట్, ఘనా కావు. రాయితీ కోరేవారికి పుట్టిన దేశం ధ్రువపత్రం ప్రాణం. 2020 సెప్టెంబర్ 21 నుండి అమలైన నిబంధనల ప్రకారం ఆ పత్రం ఒక్కటే చాలదు. సరుకు అక్కడిదేనని చూపే వివరాలు కూడా దిగుమతిదారు తన వద్ద వుంచుకోవాలి. పొరుగు దేశపు పిక్క సరిహద్దు దాటి మరో దేశపు సరుకుగా ఓడ ఎక్కడం ఆ ప్రాంతంలో వున్నదే. కనుక ప్రశ్న వస్తే జవాబు చెప్పగల అమ్మకందారు వద్దనే కొనాలి.

మొక్కల క్వారంటైన్

సుంకం కట్టినా పిక్కలు కదలకపోవడానికి మరొక కారణం మొక్కల క్వారంటైన్ శాఖ అనుమతి. 2003 నాటి ఉత్తర్వు ప్రకారం ఎగుమతి దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు సరుకు వెంట వుండాలి. పురుగు లేకుండా పొగ పట్టించిన వివరం అందులో సరిగా నమోదు కావాలి. 2016 నుండి బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలైతే ఈ శాఖకు సమాచారం అదే దారిలో పోతుంది. వారు నమూనా తీసి, చూసి విడుదల ఉత్తర్వు ఇస్తారు. సర్టిఫికెట్టులోని బస్తాల సంఖ్య లేడింగ్ బిల్లుతో కలవకున్నా, పొగ పట్టించిన వివరం ఖాళీగా వున్నా పని ఆగుతుంది. సరుకు ఓడ ఎక్కకముందే ఈ పత్రం నకలు తెప్పించుకొని ప్రతి గడి చదువుకొంటే తప్పు దిద్దించవచ్చు. ఎక్కిన పిమ్మట దిద్దించడం వారాల పని.

అసలు రశీదు లేనిదే పెట్టె రాదు

కస్టమ్స్ విడుదల చేసిన సరుకును కూడా షిప్పింగ్ కంపెనీ డెలివరీ ఆర్డరు ఇస్తేగాని టెర్మినల్ వదలదు. కస్టమ్స్ వారికి పత్రాల నకళ్ళు కంప్యూటరులో చాలును. షిప్పింగ్ కంపెనీకి మాత్రం అసలు బిల్ ఆఫ్ లేడింగ్ కావాలి. దిగుమతికి కొత్తవారు ఎక్కువగా దెబ్బ తినేది ఈ తేడా తెలియకనే. ‘అవుట్ ఆఫ్ ఛార్జ్’ పడింది, ఇక లారీ పంపండి అని అనుకుంటారు. లారీ ఖాళీగా తిరిగి వస్తుంది.

అసలు రశీదు బ్యాంకుల ద్వారా వస్తుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్ బేరాలకు వర్తించే అంతర్జాతీయ నియమాల ప్రకారం అమ్మకందారు ఓడ ఎక్కించిన 21 రోజుల వరకు పత్రాలు బ్యాంకుకు ఇవ్వవచ్చు. పత్రాల పరిశీలనకు బ్యాంకుకు ఐదు పనిదినాల వ్యవధి వున్నది. ఆపైన కొరియరు ప్రయాణం. ఇవన్నీ కూడితే ఓడ వచ్చి, కాగితం రాని పరిస్థితి సహజంగానే ఏర్పడుతుంది. దీనిని ఆపే చోటు బేరం కుదిరే రోజే. పత్రాలు ఓడ ఎక్కించిన పది రోజులలోగా ఇవ్వాలని క్రెడిట్‌లోనే వ్రాయించుకోవచ్చు. నమ్మకమైన అమ్మకందారైతే, సొమ్ము ముట్టిన పిమ్మట అసలు రశీదును అక్కడే అప్పగించి, ఇక్కడ రశీదు లేకుండా డెలివరీ ఇప్పించే పద్ధతి వున్నది. ఏదీ కుదరకపోతే బ్యాంకు గ్యారంటీ మీద డెలివరీ తీసుకోవాలి. దానికీ ఖర్చు వున్నది గాని పెట్టె నిలువ వుంచిన ఖర్చు కంటె తక్కువ కావచ్చు. లెక్క వేసి చూసుకోవాలి.

నిలిచిన పిక్కకు అసలు నష్టం

రేవులో నిలిచిన పెట్టెకు రెండు అద్దెలు నడుస్తాయి. స్థలానికి టెర్మినల్ లేదా ఫ్రైట్ స్టేషన్ అద్దె ఒకటి. పెట్టెను తిరిగి ఇవ్వనందుకు షిప్పింగ్ కంపెనీ వేసే డిటెన్షన్ ఒకటి. రెంటికీ ఉచిత దినాలు వేరు, రేట్లు వేరు. రోజులు గడిచిన కొద్దీ రెండో రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది, అదీ సాధారణంగా డాలర్ల లెక్కన. ఉచిత దినాలు ఎన్నో బుకింగ్ నాడే అడిగి వ్రాయించుకోవాలి. దించిన 30 రోజులలో సరుకు విడిపించకపోతే, నోటీసు ఇచ్చి వేలం వేసే అధికారం కూడా చట్టంలో వున్నది.

అయితే పిక్క వర్తకునికి వీటికంటె పెద్ద నష్టం సరుకులోనే జరుగుతుంది. ఆఫ్రికా పిక్కను 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్న లెక్కన కొంటారు. 47 పౌన్ల సరుకంటే బస్తాకు 21.3 కిలోల పప్పు. తేమ పది శాతానికి లోపు వుండాలన్నది సాధారణ షరతు. మూసిన ఇనుప పెట్టెలో పగటి వేడికి పిక్కలోని తేమ ఆవిరై, రాత్రి చల్లదనానికి పెట్టె కప్పు నుండి చెమటలా కారుతుంది. పై వరుస బస్తాలు తడుస్తాయి, బూజు పడుతుంది, పప్పు మచ్చ తేలుతుంది. 200 బస్తాల కంటైనర్‌లో బస్తాకు ఒక్క పౌను తగ్గితే 90 కిలోల పప్పు పోయినట్లు. ఈ నష్టం ఏ రేవు బిల్లులోనూ కనబడదు. బట్టీలో పిక్క కొట్టినప్పుడే తెలుస్తుంది. అప్పటికి అమ్మకందారు మీద క్లెయిము వేసే గడువు దాటిపోయి వుంటుంది.

అందుచేత పెట్టె తెరిచిన రోజే తేమ చూసి, నమూనా కోసి, సర్వేయరు నివేదిక తీసుకోవడం ఆనవాయితీగా పెట్టుకోవాలి. రేవులో వారం నిలిచిన సరుకు విషయంలో ఇది తప్పనిసరి.

నమూనా పొట్లాల సంగతి

పెద్ద సరుకుకు ముందు వచ్చే నమూనా పొట్లాలు, పత్రాల కవర్లు కూడా ఆగుతుంటాయి. వీటి నంబర్లను చూడగానే ఏ దారిలో వస్తున్నాయో చెప్పవచ్చు. విమాన సరుకు రశీదు నంబరు పదకొండు అంకెలు. మొదటి మూడు విమాన సంస్థ గుర్తు. చివరి అంకె తనిఖీ అంకె. మధ్యనున్న ఏడంకెలను 7తో భాగించగా మిగిలినదే అది. 1234567ను భాగిస్తే 5 మిగులుతుంది, కనుక చివరి ఎనిమిదంకెలు 12345675 అయి వుండాలి. ఇలా కుదరకపోతే నంబరు తప్పు.

తపాలా పొట్లం నంబరుకు ముందు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర రెండు అక్షరాలు వుంటాయి. చివరి అక్షరాలు పంపిన దేశం గుర్తు. మొదటి అక్షరం ‘ఇ’ అయితే స్పీడు తపాలా, ‘ఆర్’ అయితే రిజిస్టరు, ‘సి’ అయితే పార్సెలు.

ఇటువంటి పొట్లం ‘కస్టమ్స్ వద్ద వున్నది’ అని కనబడినంత మాత్రాన అధికారి పట్టుకున్నట్లు కాదు. వంతు రాలేదని అర్థం కావచ్చు, దిగుమతిదారు గుర్తింపు పత్రం అందలేదని కావచ్చు. సంస్థల విషయంలో దిగుమతి–ఎగుమతి కోడ్ చెల్లుబాటు ఒక కారణం. ఆ కోడ్ వివరాలను ఏటా ఏప్రిల్–జూన్ మధ్య ధ్రువీకరించాలన్న నిబంధన 2021లో వచ్చింది. మరచినవారి కోడ్ నిలిచిపోతుంది, దానితో పొట్లమూ నిలుస్తుంది. గింజల నమూనా అరకిలో అయినా మొక్కల క్వారంటైన్ నియమాలకు లోబడినదే. సర్టిఫికెట్టు లేకుండా కవరులో పిక్కలు పంపమని అమ్మకందారుకు చెప్పడం పొట్లాన్ని పోగొట్టుకోవడమే.

దళారీలు గమనించవలసినవి

‘సరుకు రేవులో వున్నది’ అన్న మాట మీద బజారులో బేరాలు జరుగుతాయి. ఈ మాటకు అర్థాలు అనేకం. ఓడ బయట లంగరు వేసి వుండవచ్చు. పెట్టె దిగి బిల్లు దాఖలు కాకపోవచ్చు. బిల్లు మీద ప్రశ్న నడుస్తూండవచ్చు. ‘అవుట్ ఆఫ్ ఛార్జ్’ పడి డెలివరీ ఆర్డరు రాకపోవచ్చు. ధర ఒక్కటే చెప్పినా ఈ నాలుగు సరుకులూ ఒకటి కావు. మొదటి దానికి, చివరి దానికి నడుమ పక్షం రోజుల తేడా వుండవచ్చు. కొనేవారు కంటైనర్ నంబరు, బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు, తేదీ అడగాలి. నిజంగా సరుకు వున్నవారు చెప్పడానికి సంకోచించరు. నంబరు చెప్పకుండా అడ్వాన్సు అడిగేవారితో జాగ్రత్త అవసరం.

ఓడ సముద్రంలో వుండగానే రశీదు బదలాయించి అమ్మే పద్ధతి కూడా చెల్లుతుంది. అయితే ఆ ఒప్పందం బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలుకు ముందు జరగాలి. చివరి కొనుగోలుదారు చెల్లించిన ధర మీదనే సుంకం పడుతుంది. మధ్య లాభం దాచి మొదటి ఇన్వాయిస్ ధర చూపితే, అది తరువాత విలువ తగ్గించిన నేరం కింద తేలుతుంది.

ముగింపుగా, దిగుమతిదారు ఒక చిన్న పట్టిక వ్రాసి గల్లాపెట్టె వద్ద తగిలించుకోవడం మేలు. ఓడ ఎక్కిన తేదీ, రెండవ ఓడ పేరు, విశాఖ చేరే తేదీ, అసలు రశీదు ఎక్కడ వున్నది, బిల్లు దాఖలుకు ఆఖరు రోజు, బిల్లు స్థితి, క్వారంటైన్ విడుదల, డెలివరీ ఆర్డరు, పెట్టె ఉచిత దినాలు ముగిసే తేదీ. ఈ తొమ్మిది గడులలో ఏది ఖాళీగా వున్నదో సరుకు అక్కడ ఆగినట్లు. పప్పు ధర బజారు నిర్ణయిస్తుంది, పిక్క ధర ఆఫ్రికా పంట నిర్ణయిస్తుంది. రేవులో పోయే రోజులు మాత్రం చాలావరకు వర్తకుని చేతిలోనే వున్నవి.